పెద్దవాళ్ల వైద్యం, ఇంటి దగ్గర సంరక్షణ, వాటి ఖర్చులు: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి బిల్లు గురించి అడిగేవాళ్లే ఎక్కువ. కానీ పెద్దవాళ్లున్న ఇళ్లను నిజంగా కుంగదీసేది డిశ్చార్జ్ అయ్యాక మొదలయ్యే ఖర్చు. ఆసుపత్రికైతే ఏదో ఒక కార్డో పాలసీయో ఉంటుంది. ఇంట్లో మంచం పక్కన మనిషిని పెట్టుకోవడానికి దాదాపు ఏ ఇన్సూరెన్సూ పైసా ఇవ్వదు. అందుకే ఇక్కడ ఆ భాగానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

మళ్లీ మళ్లీ వస్తున్న సందేహాలను దశలవారీగా పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. "అనుకుందాం" అని వేసిన లెక్కల్లో రేట్లు ఉదాహరణకే. మీకు చెప్పిన రేట్లు పెట్టి మళ్లీ వేసుకోండి. పథకాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున కౌంటర్లో ఇంకోసారి అడగండి.

## ఒంట్లో బాగున్నప్పుడే చూసుకోవాల్సినవి

నాన్నగారికి 73 ఏళ్లు, షుగరూ బీపీ ఉన్నాయి. ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారా?

అడగొచ్చు. 65 దాటితే కొత్త పాలసీ లేదన్న పాత పరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. అయితే రిపోర్టులు చూశాక కంపెనీ కాదనవచ్చు, లేదా ప్రీమియం పెంచి ఇవ్వవచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ గరిష్ఠంగా 3 ఏళ్లు. అంటే ఇవాళ తీసుకున్న పాలసీ షుగర్ వల్ల వచ్చే సమస్యలకు 76వ ఏటి దాకా పనికి రాకపోవచ్చు.

షుగర్ ఉన్న సంగతి దాచిపెట్టమని ఏజెంటు చెప్తే వినొద్దు. క్లెయిమ్ పెట్టగానే పాత ప్రిస్క్రిప్షన్లు అడుగుతారు, అక్కడ దొరికిపోతారు. అప్పటిదాకా కట్టిన ప్రీమియమూ పోతుంది. నిజం చెప్పి పాలసీని ఆపకుండా 5 ఏళ్లు నడిపితే, ఆ తరవాత మోసం రుజువైతే తప్ప "అప్పుడు చెప్పలేదు" అనే సాకుతో క్లెయిమ్ తిరగ్గొట్టే వీల్లేదు.

సీనియర్ పాలసీల్లో చూడాల్సింది ప్రీమియం ఒక్కటే కాదు. కో-పే (బిల్లులో మీరు భరించాల్సిన శాతం) ఎంత, గది అద్దెకు పరిమితి ఉందా, మోకాలికీ కంటి శుక్లానికీ విడిగా పరిమితి ఉందా అన్నవి ముందు చదవండి. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు. మీ రెన్యువల్ నోటీసులో అది ఇంకా కనిపిస్తే అడగండి.

70 దాటితే అందరికీ 5 లక్షల కార్డు అంటున్నారు. పెన్షన్ వచ్చే రిటైర్డ్ ఉద్యోగులకూ ఇస్తారా?

ఇస్తారు. కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు (ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత ఆసుపత్రి చికిత్స) ఆదాయంతో పని లేదు. ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు. ముందునుంచి ఉన్న జబ్బులకూ మొదటి రోజునుంచే వర్తిస్తుంది. కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ ఉంటే, పెద్దవారి పేరిట ఏడాదికి మరో 5 లక్షలు అదనంగా వస్తాయి. అందులో ఇంట్లో చిన్నవాళ్లకు వాటా ఉండదు.

ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవాళ్లు మాత్రం రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. విశాఖలో నేవీ, ఆర్మీ నుంచి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు మా సలహా: ఓపీ కన్సల్టేషన్లూ నెలనెలా మందులూ ఈసీహెచ్ఎస్‌లో వస్తాయి, ఆయుష్మాన్‌లో రావు. ఆ తేడా చూసుకోకుండా మారొద్దు.

కార్డు ఎక్కువగా ఆగిపోయేది ఆధార్‌లో వయసు తప్పుగా పడ్డచోట. ముందు అది సరిచేయించుకుని ఆయుష్మాన్ యాప్‌లోగానీ పథకంలో ఉన్న ఆసుపత్రిలోగానీ నమోదు చేయించండి. సందేహాలుంటే 14555కి ఫోన్ చేయండి.

మాకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఇంకా విడిగా డబ్బు దాచుకోవాలా?

దాచుకోవాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీయే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2023 డిసెంబర్‌లో పరిమితిని 25 లక్షలకు పెంచారు. పెద్ద ఆపరేషన్లకు అది కొండంత అండ. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది. ఇంట్లో సహాయకురాలి జీతం, డైపర్లు, నెలలపాటు ఫిజియోథెరపీ అందులోకి రావు.

ఇంకో మాట. ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన అక్కడ అన్ని విభాగాలూ ఉన్నట్టు కాదు. గుండెకు అనుమతి ఉండి కీళ్లకు లేకపోవచ్చు. "ఈ ఆపరేషన్‌కు మీ దగ్గర ఉందా" అని ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడిగాకే చేరండి.

మందులకే నెలకు వేలు పోతున్నాయి. ఎక్కడ తగ్గించొచ్చు?

ముందు మందులన్నీ ఒక కవర్లో వేసుకుని ఒకే డాక్టరుకు చూపించండి. గుండె డాక్టరు ఒక బ్రాండులో, షుగర్ డాక్టరు ఇంకో బ్రాండులో ఒకే బీపీ మందు టెల్మిసార్టాన్ రాసిన చీటీలు మామూలుగా కనిపిస్తాయి. డబ్బు వృథా అవడమే కాదు, బీపీ పడిపోయి కింద పడతారు.

జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు బ్రాండు ధరకంటే 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతాయి. మందు అసలు పేరు రాయించుకుని వెళ్లండి. థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందుల బ్రాండు మాత్రం డాక్టరుకు చెప్పకుండా మార్చొద్దు. మోతాదులో చిన్న తేడా వచ్చినా పరీక్ష ఫలితాలు అటూ ఇటూ అవుతాయి. బీపీ, షుగర్ మామూలు మాత్రలు మీ వార్డు పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

ఖర్చు రాకుండా ముందే ఇంట్లో ఏం మార్చుకోవాలి?

బాత్రూమ్‌తో మొదలుపెట్టండి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, ఆ తరవాత నెలలపాటు మనిషి సాయం. ఆ ఖర్చు ముందు రెండు పట్టుకునే రాడ్లూ జారని మ్యాటూ ఏపాటివి? రాడ్డును కమోడ్ పక్క గోడకు, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో, టైలుకు కాక లోపలి గోడకు బిగించాలి. టైలుకే బిగిస్తే బరువు పడ్డరోజు ఊడి వస్తుంది.

తలుపు వెడల్పు టేపుతో కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ తలుపు తరచుగా రెండడుగులే ఉంటుంది. మామూలు చక్రాల కుర్చీ 24 నుంచి 26 అంగుళాలు. కొనుక్కున్నాక గుమ్మం దగ్గర ఇరుక్కుంటుంది. లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉంటే, కాళ్లు ఆడుతుండగానే కింది అంతస్తుకు మారడం మంచిది. మంచాన పడ్డాక ప్రతి చెకప్‌కూ మోసేందుకు మనుషుల కూలీ, అంబులెన్సు కిరాయి ఇచ్చుకోవాలి.

అమ్మగారి పేరు మీదున్న డబ్బు ఆవిడ స్పృహలో లేనప్పుడు తీయలేకపోయాం. ఏం చేసి ఉండాల్సింది?

ఖాతాను "ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు" పద్ధతిలో జాయింటుగా మార్చి ఉంచాలి. ఫిక్సెడ్ డిపాజిట్లకూ అంతే. నామినీ ఉంటే సరిపోతుందనుకుంటారు. నామినీకి ఆ మనిషి పోయాకే హక్కు వస్తుంది, చికిత్సకు తీసే హక్కు ఉండదు. పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసిచ్చినవారికి మతి స్థిమితం పోతే చెల్లదు. డిమెన్షియా ఇళ్లలో ఇది పెద్ద దెబ్బ. అక్కడినుంచి సంరక్షకుల నియామకం కోసం కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

స్పృహ ఉండి చెయ్యి పడిపోయినవారి విషయం వేరు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర వేసి డబ్బు తీయవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. బ్రాంచిలో కాదంటే ఈ నిబంధన గుర్తుచేసి, మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

## ఆసుపత్రిలో ఉన్నప్పుడు

క్యాష్‌లెస్ అన్నారు. మరి 75 వేలు మా చేతినుంచి ఎందుకు పోయాయి?

చాలామందికి గది దగ్గరే తేడా వస్తుంది. పాలసీ 3 లక్షలు, గది అద్దె పరిమితి రోజుకు 1 శాతం, అంటే 3,000 అనుకుందాం. మీరు 6,000 గది తీసుకుని 5 రోజులున్నారు.

బిల్లు ఇలా ఉందనుకోండి: గది 30,000. సర్జను, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగ్ కలిపి 1,20,000. మందులు 40,000. ఇంప్లాంట్ 60,000. పరీక్షలు 20,000. మొత్తం 2,70,000.

గదిలో సగమే అర్హత కాబట్టి కంపెనీ గది అద్దెలో సగం, 15,000 ఇస్తుంది. అక్కడితో ఆగదు. సర్జను ఫీజూ థియేటరు ఛార్జీలూ గదినిబట్టి మారతాయి కాబట్టి వాటిలోనూ సగమే, 60,000 ఇస్తుంది. మందులు, ఇంప్లాంట్, పరీక్షల్లో ఈ కోత పెట్టకూడదు, కాబట్టి ఆ 1,20,000 పూర్తిగా వస్తాయి. కంపెనీ ఇచ్చేది 1,95,000, మీ వాటా 75,000. పాలసీలో 20 శాతం కో-పే ఉంటే ఇంకో 39,000. ఐసీయూ కాని గది రోజుకు 5,000 దాటింది కాబట్టి దాని మీద 5 శాతం జీఎస్టీ 1,500 అదనం.

చేరేటప్పుడు అడ్మిషన్ డెస్కులో అడగాల్సింది "ఏ గది ఖాళీగా ఉంది" అని కాదు, "నా పాలసీకి ఏ గది సరిపోతుంది" అని. బిల్లు చేతికొచ్చాక మందులమీదగానీ ఇంప్లాంటుమీదగానీ ఇదే నిష్పత్తిలో కోశారేమో చూడండి. అలా చేస్తే తప్పే, తిరిగి అడగండి.

డిశ్చార్జ్ రాసి సాయంత్రం దాకా కూర్చోబెడుతున్నారు. నియమమేదైనా ఉందా?

ఉంది. క్యాష్‌లెస్‌కు మొదటి అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి ఆసుపత్రి అడిగిన 3 గంటల్లో ఇవ్వాలి. ఆలస్యం కంపెనీదైతే ఆ అదనపు గది ఖర్చు కంపెనీయే భరించాలి. ఫైనల్ బిల్లు ఆసుపత్రి ఎన్ని గంటలకు పంపిందో టైముతో సహా అడిగి రాసుకోండి. తరచుగా అసలు ఆలస్యం అక్కడే.

క్లెయిమ్ తిరగ్గొట్టారు. లాయరును పెట్టుకోవాలా?

అక్కర్లేదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రం వారి పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, 50 లక్షల వరకు వింటారు, ఏడాదిలోపు ఫిర్యాదు చెయ్యాలి. తిరస్కరణ లేఖలో ఏ నిబంధన ప్రకారమో రాసి ఉంటుంది. దానికే సూటిగా జవాబివ్వండి.

పక్షవాతం వచ్చింది. కేజీహెచ్‌కా (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి), ప్రైవేటు ఆసుపత్రులున్న ఆరిలోవ హెల్త్ సిటీ వైపా?

ఖర్చు లెక్క పక్కన పెట్టి, సీటీ స్కానూ న్యూరో డాక్టరూ ఆ క్షణాన సిద్ధంగా ఉన్నచోటికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేసేటప్పుడే పక్షవాతం లక్షణాలని చెప్పండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పేషెంటు చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. ఇక్కడ పోయిన గంట తరవాత ఏళ్లతరబడి ఖర్చవుతుంది.

ఐసీయూలో రెండు వారాలైంది, ఆశ లేదంటున్నారు. ఆపమంటే పాపమేమో, ఆపకపోతే ఇల్లు అమ్ముకోవాలి. ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. డబ్బు గురించి ఆలోచించినంత మాత్రాన ప్రేమ తగ్గినట్టు కాదు. ముందు డాక్టరును మూడు సంగతులు సూటిగా అడగండి: కోలుకుంటే ఏ స్థితిలో ఇంటికొస్తారు, ఇప్పుడిస్తున్న చికిత్సలో జబ్బును తగ్గించేదేది, శరీరాన్ని నడిపిస్తున్నదేది.

కోలుకునే అవకాశం లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి ఆపడానికి చట్టబద్ధమైన దారి ఉంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని అంగీకరించి, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఆసుపత్రిలో ఒకదాని తరవాత ఒకటి రెండు వైద్య బోర్డులు చూసి, కుటుంబం అంగీకారంతో నిర్ణయిస్తాయి. పెద్దవారు ముందుగానే తమ కోరిక రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ దగ్గరగానీ గెజిటెడ్ అధికారి దగ్గరగానీ ధ్రువీకరించి ఉంచితే పిల్లల నెత్తిన ఆ భారం పడదు.

కుటుంబ ఇష్టంమీద తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్లు చాలామంది. అలా తెచ్చేటప్పుడు నొప్పికీ ఆయాసానికీ మందులు రాయించుకోకుండా కదలొద్దు. పాలియేటివ్ సేవ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) ఉందా అని అడగండి. క్యాన్సర్ రోగులకైతే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగవచ్చు.

## ఇంటికి తెచ్చుకున్నాక

మంచాన ఉన్న మనిషికి నెలకు ఎంతవుతుంది?

ఒక లెక్క వేద్దాం. ఇంట్లోనే ఉండే సహాయకురాలు 25,000. డైపర్లు రోజుకు 4, ఒక్కోటి 35 చొప్పున 4,200. ఫిజియోథెరపీ నెలకు 12 సార్లు, 500 చొప్పున 6,000. మందులు 5,000. గ్లోవ్స్, క్రీములు, డ్రెస్సింగ్ సామాను 2,500. డాక్టరు ఇంటికి రావడం, రక్త పరీక్షలు 2,000. ప్రోటీన్ పొడి, మెత్తని ఆహారం 2,500. కరెంటు అదనం 1,500. మొత్తం 48,700. ఏడాదికి 5,84,400.

దీన్ని పొదుపుతో పోల్చి చూడండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కరు గరిష్ఠంగా పెట్టగల 30 లక్షలూ 8.2 శాతం వడ్డీకి పెట్టినా నెలకు వచ్చేది 20,500. అది సహాయకురాలి జీతానికే చాలదు. అందుకే "ఆసుపత్రికి పాలసీ ఉందిలే" అని ధీమాగా ఉండటం సరికాదు. కనీసం ఒక ఏడాది సంరక్షణ ఖర్చు వెంటనే తీయగలిగే రూపంలో ఉంచుకోమని మేం గట్టిగా చెప్తాం.

ఆ జీతం ఇన్సూరెన్స్ ఎందుకివ్వదు?

పాలసీ పత్రంలో "ఎక్స్‌క్లూజన్ 05" అని వెతకండి. విశ్రాంతి చికిత్స, పునరావాసం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సంరక్షణకు డబ్బివ్వమని అందులోనే రాసి ఉంటుంది. "డొమిసిలియరీ" అని కనిపించేది వేరు. ఆసుపత్రిలో చేర్చాల్సిన జబ్బుకే, కదిలించలేని స్థితిలో ఇంట్లో చికిత్స చేస్తే ఇచ్చేది అది.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో ఇలాంటి సంరక్షణకు విడిగా తప్పనిసరి బీమా పెట్టాయి. జపాన్‌లో 40 ఏళ్లు వచ్చినప్పటినుంచే అందరూ చందా కడతారు. మన దగ్గర అలాంటిది లేదు. ఆ భారమంతా ఇంటి ఆడవాళ్ల చాకిరీ మీదే నడుస్తోంది. దీన్ని రాజకీయ నాయకులను అడగాల్సిన సమయం వచ్చింది.

నర్సు కావాలా, అటెండెంట్ చాలా?

ఇంజెక్షన్, ముక్కు గొట్టం, మూత్రం గొట్టం మార్చడం, గాయం శుభ్రం చెయ్యడం నర్సు పని. స్నానం, తినిపించడం, పక్కకు తిప్పడం అటెండెంట్ పని. చాలా ఇళ్లలో రోజంతా అటెండెంట్‌ను పెట్టుకుని, వారానికి ఒకటి రెండుసార్లు నర్సును పిలిపించుకుంటే సరిపోతుంది. 24 గంటల నర్సును పెట్టుకుంటే మూడు నెలల్లో డబ్బు అయిపోయి, అవసరమైనప్పుడు మనిషి ఉండదు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ఏమేం తేల్చుకోవాలి?

మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు, డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారు, నెలకు ఎన్ని సెలవులు, భోజనం ఎవరిది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఆధార్ నకలు తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ అయిందేమో అడగండి.

సంక్రాంతి సంగతి దసరాకే మాట్లాడుకోండి. విశాఖలో ఈ పని చేసేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ఊళ్లవాళ్లు. పండక్కి అందరూ ఒకేసారి వెళ్తారు, వెళ్లాలి కూడా. ఆ వారానికి బంధువులెవరు వస్తారో ముందే ఖాయం చేసుకోండి.

మీరిచ్చే దాంట్లో ఆ అమ్మాయికి చేరేదెంతో కూడా అడగండి. ఏజెన్సీ ఎక్కువ కోసేస్తే ఆవిడ ఎక్కువ రోజులు నిలవదు. రాత్రి రెండు గంటలకోసారి లేవాల్సిన ఇంట్లో పగలు నిద్రపోవడానికి చోటూ సమయమూ ఇవ్వకపోయినా అంతే.

వాటర్‌బెడ్ వేశాం. అయినా నడుం కింద పుండు ఎందుకొచ్చింది?

పరుపు ఏదైనా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిందే. అంటే రోజుకు 12 సార్లు. రాత్రి పదికి తిప్పి పడుకుని ఆరుకు లేస్తే మధ్యలో మూడు సార్లు తప్పినట్టు. పుండు మొదలయ్యేది సాధారణంగా ఆ ఎనిమిది గంటల్లోనే. మన సముద్రపు ఉక్కకు చెమట, తడి డైపరు తోడైతే చర్మం ఇంకా త్వరగా చెడుతుంది.

నడుం కింది ఎముక, మడమలు, తుంటి రోజూ చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు, ఆ వైపు ఇక పడుకోబెట్టొద్దు. రుద్దొద్దు, పౌడరు పొయ్యొద్దు. మడమల కింద కాకుండా పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చెయ్యండి. గోడకు ఒక కాగితం అంటించి తిప్పిన టైమూ ఏ వైపో రాయించండి. లోతుకు దిగిన పుండుకు నెలలపాటు డ్రెస్సింగులు, ఒక్కోసారి ఆపరేషనూ తప్పవు. ఖర్చు తగ్గించే పనుల్లో దీన్ని మించింది లేదు.

ఆసుపత్రి మంచం కొనాలా, అద్దెకు తేవాలా?

మంచం ధర 22,000, అద్దె నెలకు 3,000 అనుకుంటే, ఏడు నెలలు దాటితేనే కొనడం లాభం. పక్షవాతం తరవాత కోలుకోవడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ. అందుకని మూడు నెలలు అద్దెకు తెచ్చి, ఫిజియో ఏమంటారో విని తేల్చుకోండి. చక్రాల కుర్చీ, చేతికర్ర, వినికిడి యంత్రం లాంటివి నెలకు 15,000 లోపు ఆదాయమున్న పెద్దవారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు.

ఆక్సిజన్ యంత్రానికి కరెంటు బిల్లు ఎంతొస్తుంది? కరెంటు పోతే?

5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు. 24 గంటలు నడిస్తే రోజుకు 8.4 యూనిట్లు, నెలకు 252. ఈపీడీసీఎల్ బిల్లులో ఇది మీ మామూలు వాడకం మీద పడి పై శ్లాబులోకి తోస్తుంది కాబట్టి, సగటు రేటుతో కాక పై శ్లాబు రేటుతో లెక్క వేసుకోండి.

150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు మీద, ఇంకేమీ వెయ్యకుండా, ఇది నాలుగు గంటలు నడుస్తుంది. బ్యాటరీ పాతదైతే అంతకూడా రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు రోజులతరబడి లేదు. కాబట్టి సిలిండరు తప్పనిసరి. బీ-టైప్ సిలిండరులో 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే రెండోది తెచ్చుకోండి, మర్నాడు దొరకదు. రెగ్యులేటరు బిగించడం ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి.

ప్రభుత్వం నుంచి నెలనెలా ఏమైనా వస్తుందా?

ఎన్టీఆర్ భరోసాలో వృద్ధాప్య పెన్షన్ 4,000. పక్షవాతం లాంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000. అర్హత ఉండి కూడా 4,000తో సరిపెట్టుకుంటున్న కుటుంబాలున్నాయి. వార్డు సచివాలయంలో అడిగి, మెడికల్ బోర్డు ధ్రువపత్రంతో మార్పించుకోండి. రేషన్ కార్డు, ఆదాయ నిబంధనలు వర్తిస్తాయి.

## ఏళ్లతరబడి సాగేటప్పుడు

అత్తగారిని చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేస్తే మంచిదా?

సహాయకురాలి జీతం 25,000, మీ జీతం 30,000 కాబట్టి తేడా 5,000యే అన్న లెక్క సరికాదు. మీ పీఎఫ్, ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్, రాబోయే ఇంక్రిమెంట్లు, రెండు మూడేళ్ల తరవాత మళ్లీ ఉద్యోగం దొరికే అవకాశం, ఇవన్నీ పోతాయి. ఆఫీసు పాలసీలో అత్తగారి పేరు ఉండి ఉంటే అదీ పోతుంది. ముందు సెలవు, సగం రోజు పని, ఇంటినుంచి పని అడగండి. అయినా మానాల్సే వస్తే, మీ పేరిట నెలనెలా ఇంత జమ చెయ్యాలని భర్తతో, మరుదులతో, ఆడపడుచులతో ముందే మాట్లాడుకోండి. అది మీ హక్కు.

అన్నదమ్ములు డబ్బివ్వడం లేదు. చట్టం ఏమంటుంది?

అర్జీ పెట్టాల్సింది మీరు కాదు, అమ్మానాన్నలు. వాళ్ల తరఫున వాళ్లు అనుమతించిన మనిషి కూడా పెట్టొచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. మన జిల్లాలో విశాఖపట్నం, భీమునిపట్నం డివిజన్లున్నాయి. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. గరిష్ఠంగా నెలకు 10,000 ఇప్పించవచ్చు. దారి తెలియకపోతే ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యండి.

ట్రిబ్యునల్ దాకా పోకుండా ఉండాలంటే ఖర్చుల పుస్తకం పెట్టండి. బిల్లుల ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం వెయ్యండి. డబ్బివ్వనివాళ్లు నెలకు వారం వచ్చి ఉండొచ్చు.

ఇల్లు పిల్లల పేరు మీద ఇప్పుడే రాసేయాలా?

తొందరపడొద్దు. వీలునామా రాస్తే బతికున్నంతకాలం ఇల్లు మీదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడే రాయాలనుకుంటే, జీవితాంతం చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. చూసుకోకపోతే పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ గిఫ్టును రద్దు చేయించవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను పెద్దవారికి అనుకూలంగా ఉదారంగా చూడాలని, ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అయినా షరతు నోటిమాటగా వదిలేస్తే రుజువు చెయ్యడం కష్టం.

సీతమ్మధారలో సొంతిల్లుంది, చేతిలో డబ్బు లేదు. ఇల్లు అమ్మకుండా దారి ఉందా?

రివర్స్ మార్టిగేజ్ ఉంది. 60 దాటినవారు తామున్న సొంతిల్లు తాకట్టు పెడితే బ్యాంకు నెలనెలా డబ్బిస్తుంది. బతికున్నంతకాలం అక్కడే ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరూ పోయాక వారసులు అప్పు తీర్చి ఇల్లు తీసుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్మి మిగిలింది వాళ్లకిస్తుంది. వచ్చే డబ్బు అప్పు కాబట్టి దానిమీద ఆదాయపు పన్ను లేదు. అందరు బ్యాంకులవాళ్లూ ఆసక్తి చూపరు, పెద్ద ప్రభుత్వ బ్యాంకుల్లో అడగండి. టైటిల్ స్పష్టంగా ఉండాలి. దేవస్థానంతో హక్కు వివాదమున్న సింహాచలం పంచగ్రామాల భూముల్లోని ఇళ్లకు ఇక్కడే చిక్కు. పైన ఒక వాటా ఖాళీగా ఉంటే దాన్ని అద్దెకివ్వడం దీనికంటే సులువు, ముందు అది చూడండి.

వృద్ధాశ్రమంలో చేర్చే ముందు ఏం చూడాలి?

నెల ఫీజు ఎంతన్నది చివర అడగండి. రాత్రి ఎంతమందికి ఒక సహాయకురాలు, మంచాన పడితే ఉంచుకుంటారా పంపేస్తారా, డైపర్లూ మందులూ ఫీజులో కలిసేనా, ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు, డిపాజిట్ ఎంత వెనక్కొస్తుంది అన్నవి ముందు. చాలాచోట్ల "నడవగలిగినవారికే" అన్న షరతు ఉంటుంది. చేరేటప్పుడు నడిచేవారు రెండేళ్లకు నడవలేకపోతే మళ్లీ వెతుక్కోవాలి. చెప్పకుండా సాయంత్రం భోజనం వేళ ఒకసారి వెళ్లండి. వాసన, గ్లాసుల్లో నీళ్లు, పెద్దవాళ్ల గోళ్లు చూస్తే చాలా తెలుస్తుంది. స్తోమత లేనివారు డాబాగార్డెన్స్‌లోని ప్రేమసమాజం లాంటి సేవాసంస్థల్లో చోటు ఉందేమో అడగవచ్చు.

పన్నులో ఏమైనా కలిసొస్తుందా?

పాత పన్ను విధానంలో ఉంటేనే. తల్లిదండ్రులు 60 దాటితే వాళ్ల ప్రీమియానికి ఆదాయపు పన్ను 80డీ సెక్షన్ కింద 50,000 వరకు మినహాయింపు. పాలసీ లేకపోతే వాళ్ల వైద్య ఖర్చులకు అదే 50,000. నగదుగా ఇచ్చింది లెక్కలోకి రాదు, కాబట్టి మందుల షాపులో యూపీఐతో కట్టి బిల్లు ఉంచుకోండి. మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 80డీడీ కింద 75,000, 80 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే 1,25,000. ఇందులో ఎంత ఖర్చయిందన్న లెక్క అడగరు, ఖర్చు పెట్టి ఉంటే చాలు. 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల నంబర్లు వేరు, రిటర్ను వేసేటప్పుడు ఆడిటర్ను అడిగి సరైన చోట నింపండి.